మైనస్ తొమ్మిది

పిడుగు మా మీద పడలేదు,
కొండకి అవతలెక్కడో పడింది.
అయినా ఒడ్డున నీటిమట్టం కొలిచే గుడిసె
ఆ రాత్రి నుంచీ మాట మానేసింది.

అట్‌బషి నది మానలేదు.
కరిగిన మంచునీ, గులకరాళ్లనీ,
ఎవరిదో ఒక గొర్రెతోలునీ మోసుకుంటూ
పోతూనే ఉంది.
ఎంత ఎత్తున పోతోందో
కింది ఊళ్లకి చెప్పే నోరే లేదు.

బిష్కెక్ నుంచి జవాబు: కొత్త యంత్రం వచ్చే ఏడాది.
తుర్దుబేక్ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
జీపు తలుపు సందులో గాలి రాకుండా దోపాడు.
"ఎక్కు, బురుల్."

గుడిసెలో పెట్టె మూత తీశాం.
లోపలిది బతికే ఉంది.
ఆకుపచ్చ దీపం రెప్పలు కొడుతోంది,
లెక్క కడుతోంది, మాట కూరుస్తోంది,
పంపిస్తున్నాననే అనుకుంటోంది పాపం.
పోయింది గడపలో కాపలా ఉన్నది.
పదహారు కాళ్ల నల్ల పురుగు,
వీపు మీద ఆవగింజంత చిల్లు.

దాని పనేమిటో నాకప్పటికి తెలీదు.
లోపలివాళ్లది అయిదు వోల్టుల గొంతు,
వంటింటి గుసగుస.
బయట రేడియో స్తంభం దాకా పద్నాలుగు మీటర్ల తీగ,
చలి, పంపు మోటారు రొద.
ఆ గుసగుస సగం దారిలోనే రాలిపోతుంది.
అందుకని ఇది నాలుగు కెపాసిటర్లని చుట్టూ పెట్టుకుని
రాత్రీ పగలూ ఏతం తొక్కుతుంది:
ఒకటి నింపి, దాన్ని అయిదు నెత్తికెక్కిస్తే పది,
ఆ పదినే బోర్లిస్తే మైనస్ పది.
లోపల ఔనన్నది తీగ మీద మైనస్,
కాదన్నది ప్లస్.
"తిరకాసుగా ఉందే" అన్నాను.
"పెట్టినవాణ్ణి అడుగు" అన్నాడు.

ఆయనది సోవియట్ నాటి ముల్లు మీటరు.
మైనస్ చూడాలంటే దాని తీగలు రెండూ
తారుమారు చేసి పట్టుకోవాలి.
పట్టుకున్నాడు. ముల్లు లేవలేదు.

"చూశావా, ఇది మౌనం కాదు.
మౌనమైతే మైనస్ తొమ్మిది ఉంటుంది.
చెప్పడానికేం లేకపోయినా
తీగని గుంజి పట్టుకునే ఉండాలి.
అప్పుడే అవతలివాడికి తెలుస్తుంది,
ఊరికే ఉన్నావో, పోయావో."

టీ డబ్బాలో నల్ల స్పాంజికి గుచ్చిన చిప్పులు నాలుగు.
ఓష్ బజారులో కొన్నవి. రెండు నకిలీవి.
ఏ రెండో అమ్మినవాడికీ తెలీదు.
మొదటిది కరెంటివ్వగానే భగ్గున వేడెక్కి
ఆయన వేలు కాల్చింది.
రెండోదానికి టంకం నేను పెట్టాను.
పదకొండో కాలు పక్కదానికి అంటుకుంటే
నా ఏడు తరాల్నీ తిట్టి,
మళ్లీ ఆయనే ఓపిగ్గా పీల్చి తీశాడు.

ముల్లు లేచింది.
తొమ్మిది దగ్గర ఆగింది.
కాసేపు అలాగే, ఏమీ అనకుండా.
ఆ తరవాత వణికింది.
జీపులోని రేడియో నూట నలభై రెండు అంది.
సెంటీమీటర్లు. నిన్నటి సంగతి ఎవరికి తెలుసు.

తిరుగు దారిలో వంతెన దగ్గర బండి ఆపాడు.
అవతలి గట్టున ఆయన అన్న ఎసెన్‌గుల్
గుర్రానికి నీళ్లు పెడుతున్నాడు.
ఒక ఆడగుర్రం గురించి తగాదా,
పదకొండేళ్లయింది వాళ్లకి మాటల్లేక.
ఆయన తలెత్తి చూశాడు. ఈయనా చూశాడు.
ఎవరూ చెయ్యి ఊపలేదు.
ఎవరూ మొహం తిప్పుకోనూ లేదు.
గుర్రం తాగడం అయిపోయింది,
అయినా ఆయన కళ్లెం లాగలేదు.

"ఎంతుంది?" అన్నాను.

గేరు వేస్తూ, చాలాసేపటికి,
"తొమ్మిది ఉండదులే" అన్నాడు.
"మూడు దాటితే చాలు,
అవతల ఉన్నట్టే లెక్క."